మూడో తీగ ఎందుకు జారింది

మా బావ గిటార్ నా కాడ ఉన్నప్పుడే కింద పడ్డది. ఆ మాట చెప్పనీకి నాకు పది నెలలు పట్టింది. చెప్పకపోవుడు ఒక తప్పయితే, ఆ నడుమల నేను అన్న ఇంకొక మాట దానికంటె పెద్ద తప్పు. రెండూ రాస్త.

బావ అంటే మా అక్క పెనిమిటి. వాళ్లది జోగిపేట దిక్కు. పెండ్లయిన కొత్తల్నే పటాన్‌చెరు వచ్చి, కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీల పవర్ ప్రెస్ మీద పనికి కుదిరిండు. రేకు పెట్టుడు, పెడల్ తొక్కుడు, దెబ్బ పడంగనే ముక్క తీసుడు. ఇరవై ఏండ్ల సంది అదే పని. కానీ మా చుట్టాలల్ల ఆయన ప్రెస్ పని ఎవ్వరికీ యాదికి రాదు. "గిటార్ అల్లుడు" అంటరు. కంపెనీల తనతోని పనిచేసిన ఒక కేరళాయన దగ్గర నేర్చుకున్నడు. ఆయన ఊరికి పోతపోత తన ఎర్ర ఎలక్ట్రిక్ గిటార్ బావ చేతుల పెట్టి పోయిండు. అప్పటి సంది బావ దాన్ని తుడవని రోజు లేదు.

నేను అదే ఏరియాల ఇంకో కంపెనీల క్వాలిటీల చేస్త. మందు సీసాల మూతలు కొలిచి, పనికొచ్చేవి ఇటు, రానివి అటు వేసే పని. చిన్నప్పుడు గిటార్ మీద నా వేళ్లు పట్టుకొని పెట్టింది బావనే. నాకు గొప్పగ రాలే గని, సౌండ్ సంగతి పట్టుబడ్డది. మాకు ఒక చిన్న ఆర్కెస్ట్రా ఉంది. ఒకాయన పాడుతడు, ఒకాయన కీబోర్డు, ఒకాయన ప్యాడ్ కొడుతడు, బావ గిటార్, నేను మిక్సర్ కాడ. అందరం కంపెనీలల్ల చేసెటోళ్లమే. పెండ్లిళ్లు, రిసెప్షన్లు, వినాయకుని మండపాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోతం.

కీబోర్డాయన ఇల్లు కర్దనూర్ల ఉంటది. వాళ్ల మీది రూముల ప్రాక్టీసు. ఒక ఐతారం ప్రాక్టీసు అయినంక బావకు సెకండ్ షిఫ్ట్ ఉండె. "గిటార్ ఇంటికాడ ఇయ్యి బామ్మర్దీ, నేను ఇటే డ్యూటీకి పోత" అని బ్యాగు నా భుజానికి తగిలించి పోయిండు. సర్వీస్ రోడ్డు మీద వస్తుంటే ఫోన్ మోగింది. బండి పక్కకు ఆపి, బ్యాగు తీసి సీటుకు ఆనిచ్చి నిలబెట్టి, మాట్లాడుకుంట నాలుగడుగులు ముందుకు పోయిన. ఎనుక దబ్బుమని సప్పుడైంది. తిరిగి చూస్తే బ్యాగు కంకర మీద బోర్ల పడి ఉంది. తల దిక్కు ఒక రాయి.

అక్కడనే జిప్పు తీసి చూసిన. ఎక్కడా పగల్లేదు, గీత కూడ పడలే. తల మీద ఆరు కీలు వరుసగ ఉంటయి, తీగలు బిగించేటివి. అండ్ల మూడో తీగ కీ ఒక్కటి జెర వంగినట్టు కొట్టింది. బొటనవేలుతోని నూకిన. టిక్కుమని సక్కగైంది. తీగలు మీటి చూసిన, మంచిగనే పలికినయి. నా పానం కుదుట పడ్డది. ఇంటికి పోయి అక్కకిచ్చిన. "జాగ్రత్తగ తెచ్చినవా? లేకుంటే మీ బావ నన్ను తింటడు" అని నవ్వింది. "ఆ, తెచ్చిన" అన్న.

వారం తిరగకముందే బావ అన్నడు, "ఏందిరా, మూడో స్ట్రింగు నిలుస్తలేదు. ఒక పాట అయ్యేసరికి దిగుతుంది."

ఆయన వెతుకుడు చూస్తే ఎవ్వరికైనా ముచ్చటేస్తది. ముందు తీగ పాతదైందని కొత్తది వేసిండు. కొత్త తీగ సాగుతదని దాన్ని వేలుతోని పైకి గుంజి, మళ్ల బిగించి, మళ్ల గుంజి, అట్ల అరగంట చేసిండు. అయినా దిగింది. కీకి చుట్లు ఎక్కువైనయేమో, ఒకదాని మీద ఒకటి ఎక్కి జారుతున్నయేమో అని మొత్తం విప్పి, మూడే చుట్లు ఒకదాని కింద ఒకటి పడేటట్టు చుట్టిండు. రెండు రోజులు బాగుండె, మూడో రోజు మళ్ల అదే. మెడ పైన తీగలు ఆనే తెల్ల పట్టీ ఉంటది, దాని గాడిల తీగ ఇరుక్కుంటుందేమో అని పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి గాడిల పోసిండు. కింద దిక్కు తీగ తగిలించే కాడ స్క్రూలన్నీ బిగించిండు. ఏం చేసినా అంతే. ఊకె ఉంచితే నిలుస్తది, తీగను గుంజి వాయిస్తే జారుతది.

ఆఖరుకు ఒకనాడు గిటార్ నా ఒళ్లె పెట్టి, "కీ ఏమన్న లూజయిందా చూడురా. నీది క్వాలిటీ కన్ను" అన్నడు.

కీ పట్టుకున్న. తిప్పిన. నా వేళ్లకు ఏదో తెలిసింది. తిరుగుతున్నప్పుడు ఒక కాడ రవ్వంత ఖాళీ. ఆ ఒక్క జాగల పండ్లు అందుకోనట్టు. కంపెనీల అయితే ఆ ముక్కను అప్పుడే పక్కకు పడేసేటోణ్ని. గని కీ పాడయిందంటే ఎట్ల పాడయిందని అడుగుతడు. అడిగితే కంకర ముచ్చట చెప్పాలె. "మంచిగనే ఉంది బావా" అని గిటార్ మళ్ల ఆయన ఒళ్లె పెట్టిన.

ఆయన నమ్మిండు.

తర్వాత అమీన్‌పూర్ల ఒక అపార్ట్‌మెంటు వాళ్ల వార్షికోత్సవం వచ్చింది. పొద్దుమూకేటాల్ల ప్రోగ్రాం. క్లబ్ హౌస్ ముంగట స్టేజీ, వంద కుర్చీలు. అసొంటి కాడ పేరొస్తే చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నీ పిలుస్తయని మాకు మస్తు ఆశ. బావ ఇస్త్రీ చేసిన నీలం అంగీ తొడుక్కొని వచ్చిండు. స్టేజీ ఎక్కేముందు కీబోర్డు శ్రుతి అడిగి, చెవి దగ్గర పెట్టుకొని ఆరు తీగలూ కలుపుకున్నడు.

రెండో పాటలనే గిటార్ ముక్క ఒకటి ఒంటరిగ వాయించేది ఉంది. అందరు ఆపుతరు, బావ ఒక్కడే వాయించాలె. మొదలు పెట్టంగనే తేడా కొట్టింది. మూడో తీగ దిగింది. ఆయన వాయించుకుంటనే ఎడమ చెయ్యి చాపి కీ తిప్పిండు. ఆ సప్పుడుల ఎంత తిప్పాల్నో అందలేదు, పైకి పోయింది. మళ్ల దించిండు. ముందు వరుసల ఒకామె పక్కనామె దిక్కు చూసి నవ్వింది. పాడేటాయన తల తిప్పి బావను చూసిండు. అంతల్నే ఆ అపార్ట్‌మెంటు సంఘం సెక్రెటరీ నా దగ్గరికి వచ్చి వంగి, "ఆ గిటార్ జెర తగ్గించండి సార్" అన్నడు.

తగ్గించిన. తగ్గించుడు కాదు, పూరాగ బంద్ చేసిన. మిక్సర్ల బావ గిటార్ బటన్ కిందిదాక దించి అట్లనే వదిలేసిన. ఆయన ముంగట ఉన్న చిన్న బాక్సుల ఆయనది ఆయనకు వినపడుతనే ఉంటది. ఇంకా ఆరు పాటలు తలవంచుకొని వాయించిండు. జనానికి ఒక్క స్వరం కూడ పోలేదు. ఆఖరి పాటల, కీబోర్డాయన ఆగిన చోట, గిటార్ రావాల్సిన కాడ పెద్ద బాక్సులల్ల ఏం రాకపోయేసరికి బావ తలెత్తి నా దిక్కు చూసిండు. నేను వైర్లు సదురుతున్నట్టు కిందికి వంగిన.

సామాను దించుకొని కింద పార్కింగుల ఆటో ట్రాలీకి ఎక్కిస్తుంటే నా పక్కకు వచ్చి నిలబడ్డడు. తక్కినోళ్లు అక్కడనే ఉన్నరు.

"బంద్ చేసినవారా?"

"సెక్రెటరీ చెప్పిండు బావా."

"స్ట్రింగే జారుతుందిరా. నేను కలుపుకొనే ఎక్కిన కదా. నువ్వు చూసినవు కదా."

అందరు నా దిక్కే చూస్తున్నరు. అప్పుడు అన్న నేను ఆ మాట. "గిటార్‌ది ఏం లేదు బావా. నేను చూసిన, కీలన్నీ మంచిగున్నయి. పొద్దందాక ప్రెస్ కాడ నిలబడుతవు. ఇంట్ల టీవీ గూడ పెద్దగ పెడుతున్నవని అక్క అంటనే ఉంది. జెర చెవులు చూపించుకో."

ప్యాడ్ కొట్టేటాయన, "అవునన్నా, చూపించుకో, తప్పేముంది" అన్నడు. బావ చెయ్యి పైకి లేచి చెవిని ముట్టుకున్నది. ఆ చెయ్యి ఎట్ల లేచిందో ఇప్పటికీ నా కండ్ల ముంగటనే ఉంది. కొట్టించుకున్నోని లెక్క.

పది రోజులకు సంగారెడ్డిల ఒక చెవుల దవాఖానకు పోయినం. "నువ్వు రారా, వాళ్లు చెప్పేది నాకు సరిగ్గ వినపడకపోతే నువ్వు వింటవు" అన్నడు. అప్పటికే ఆయన అట్ల మాట్లాడుడు మొదలుపెట్టిండు. ఒక చిన్న అద్దాల గదిల ఆయనను కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చిన్రు. సప్పుడు వినపడ్డప్పుడల్ల ఒత్తాలె. నేను ఇవతల, పరీక్ష చేసే అమ్మాయి ఎనుక నిలబడ్డ. నాకేం వినపడది గని, ఆమె వేలు కనపడుతది. ఆమె ఒత్తుతది, బావ ఒత్తుతడు. ఆమె ఒత్తుతది, బావ ఒత్తుతడు. కొంచెం సేపటికి ఆమె ఒత్తుతుంది, బావ ఒత్తుతలేడు. కండ్లు మూసుకొని, తల పక్కకు వంచి, వింటనే ఉన్నడు. ఆమె ఇంకా గట్టిగ పెట్టింది. బావ అట్లనే కూసున్నడు, ఎప్పుడొస్తదా అని ఎదురుచూసుకుంట.

డాక్టర్ కాగితం చూసి, సన్నటి కీచు సప్పుళ్లు కొన్ని వినపడుతలేవు, మిషిన్ సప్పుడు వల్లనే, ఇప్పటికైతే మాటలకు ఏం ఇబ్బంది లేదు, పనిల చెవులకు మూతలు తప్పకుండ పెట్టుకోవాలె అని చెప్పిండు. బావ "సరే సార్" అన్నడు. గిటార్ ముచ్చట తీయలేదు, సిగ్గుపడ్డట్టున్నడు. నేను అడగొచ్చు. "సార్, ఈయన గిటార్ వాయిస్తడు, తీగ శ్రుతి తెలుస్తదా తెల్వదా" అని ఒక్క మాట. నోటి దాంక వచ్చింది. తెలుస్తది అని డాక్టర్ అంటే, మళ్ల గిటార్ మీదికి వస్తది, కీ మీదికి వస్తది, నా మీదికి వస్తది. మింగిన.

బస్సుల కిటికీ పక్కన కూసొని అన్నడు, "నువ్వన్నదే నిజమైందిరా. పాపం, నేను గిటార్‌ను అనుమానించిన."

ఆ నెలల్నే ఆర్కెస్ట్రా మానేసిండు. ఆయన జాగల ఇంకొకాయనను తెచ్చుకున్నం. ఒకనాడు మా ఇంటికి వచ్చి ఎర్ర గిటార్ సోఫా మీద పెట్టి, "నువ్వే ఉంచుకో బామ్మర్దీ. నాకు ఇగ దాంతోని పని లేదు. ఊకె మూలకు పడేస్తే బాధైతది" అన్నడు. నేను వద్దనలే. వద్దంటే ఎందుకని అడుగుతడని భయం.

నెలలు గడిచినయి. గిటార్ నా బీరువా పక్కన ఉంది. ఒకటి రెండు సార్లు తీసి వాయించిన. నా చేతులల్ల గూడ మూడో తీగ అట్లనే జారింది. నా చెవులు ఏ ప్రెస్ కాడా లేవు. తీసిన ప్రతిసారి మళ్ల బ్యాగుల పెట్టి జిప్పు వేసేటోణ్ని.

ఈలోపల అక్క ఒకసారి ఫోన్ల ఏడ్చింది. "మీ బావ మాట్లాడుతలేడురా. ఏదన్న అడిగితే తల ఊపుతడు. నలుగురున్న కాడ అస్సలు నోరు తెరుస్తలేడు. సరిగ్గ వినపడక ఏదన్న తప్పు చెప్తే నవ్వుతరంటడు. డాక్టర్ మాటలకేం కాలే అన్నడు కదరా?" అని అడిగింది. "అన్నడక్కా" అన్న.

మా కంపెనీల ఒక పద్ధతి ఉంది. ఏ ముక్క వల్ల తప్పు వస్తుందో తెల్వకుంటే, రెండు ముక్కలు అటిటు మార్చి చూస్తం. తప్పు ముక్క ఎనుక పోతే ముక్కది, జాగల్నే ఉంటే జాగది. పది నిమిషాల పని. మొదటి వారంల్నే చేయొచ్చు. చేయకపోవుడుకు కారణం పని రాకపోవుడు కాదు.

ఆ ఐతారం పొద్దుగాల తలుపు దగ్గరికేసుకొని గిటార్ తీసిన. మూడో కీ, నాలుగో కీ రెండూ విప్పి అటిటు మార్చి బిగించిన. తీగలు కలిపి, గుంజి గుంజి వాయించిన. మూడో తీగ నిలిచింది. నాలుగోది జారింది. తప్పు కీ ఎనుక పోయింది. ఆ కీ మళ్ల విప్పి, ఎనుక ఉన్న రేకు మూత తీసిన. లోపల చిన్న పండ్ల చక్రం. ఒక పన్ను సగం విరిగి ఉంది, దాని పక్కది అరిగి ఉంది. బరువు పడ్డప్పుడల్ల ఆ ఖాళీలకు జారుతుంది. రాయికి తగిలినప్పుడు విరిగింది అదే. నేను బొటనవేలుతోని నూకినప్పుడు టిక్కుమన్నది అదే.

కీని రుమాలుల మూట కట్టుకొని అక్కోళ్లింటికి పోయిన. బావ వాకిట్ల కూలర్ విప్పి గడ్డి మారుస్తుండె. నన్ను చూసి నవ్వి తల ఊపిండు, మాట లేదు. ఎదురుంగ కూసొని రుమాలు విప్పి పెట్టిన.

"బావా, నీ చెవులది కాదు. ఇది విరిగింది."

చేతులు తుడుచుకొని కీ తీసుకున్నడు. రేకులు, ప్రెస్ అచ్చులు చూసిన చేతులు, ఎవ్వరు చెప్పే పని లేదు. ఎండ దిక్కు పట్టి చూసిండు, గోరుతోని పన్ను తడిమిండు, తిప్పిండు, ఖాళీ కాడ ఆపిండు.

"ఇది అరిగింది కాదు. దెబ్బ తగిలింది."

"నా కాడనే పడ్డదది. కర్దనూర్ నుంచి తెస్తుంటే. సర్వీస్ రోడ్డు మీద."

ఆయన లెక్క వేసుకుంటున్నది మొఖంల కనపడ్డది. "అంటే అమీన్‌పూర్ కంటె ముందే."

"ఆ."

"నేను నీ ఒళ్లె పెట్టి చూడుమన్న రోజు నీకు తెలుసు."

"అనుమానం ఉండె బావా."

"దవాఖానకు నాతోని వచ్చినవు కదరా."

లోపల నుంచి అక్క వచ్చి తలుపు కాడ నిలబడ్డది. అంతా విన్నట్టుంది. నన్ను తిడుతదనుకున్న. తిట్టలే. "ఈయన నాతోని నోరు తెరిచి మాట్లాడక ఎన్ని రోజులైందో నీకు తెలుసారా తమ్మీ" అని లోపలికి పోయింది. తిట్టినా బాగుండు.

బావ కీని నేల మీద పెట్టిండు. "కింద పడ్డదానికి నాకు కోపం లేదు. వస్తువన్నంక పడుతది. వచ్చి పడ్డది బావా అంటే ఏమంటుంటి? రెండు తిట్లు తిట్టి ఇంకో కీ వేసుకుందును. నువ్వు తీస్కపోయి నా చెవి మీద పెట్టినవు. అందరి ముంగట." నా దిక్కు తిరిగి, "నాకు చెప్పినవు సరే. అందరి ముంగట అన్నవు కదా, అందరికీ చెప్పు. నేను చెప్పను" అన్నడు. మళ్ల కూలర్ దిక్కు తిరిగిండు.

మరుసటి ఐతారం ప్రాక్టీసుల చెప్పిన. తల దించుకొని, విరిగిన చక్రం చాప మీద పెట్టి, కంకర నుంచి దవాఖాన దాంక మొత్తం చెప్పిన. ప్యాడ్ కొట్టేటాయన, "అరే, జరుగుతుంటయి తియ్యన్నా" అన్నడు. పాడేటాయన మాత్రం చక్రం చేతిల పట్టుకొని, "మేం గూడ నమ్మినం కదా" అన్నడు, ఎవ్వరి దిక్కూ చూడకుంట. కీబోర్డాయన నాతోని ఆ రోజంతా మాట్లాడలే. సాయంత్రం తానే బావ ఇంటికి పోయిండు. ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వది.

హైదరాబాద్ పోయి ఆరు కొత్త కీలు తెచ్చి, గిటార్‌తోని పాటు ఇచ్చిన. బావ తీసుకున్నడు. బిగించేటప్పుడు సాయం చేస్తనంటే, "వద్దులే, నేను చేసుకుంట" అన్నడు. పక్కన కూసొని చూసిన. ఒక్కో స్క్రూ బిగించి, తీగలు ఎక్కించి, గుంజి చూసి, మళ్ల బిగించిండు. మూడో తీగ కదల్లే.

ఇప్పుడు మళ్ల మాతోనే వాయిస్తుండు. పెండ్లి సీజన్ల ఇద్దరు గిటార్లోళ్లున్నరు మాకు. కంపెనీల చెవులకు మూతలు పెట్టుకుంటుండు, సూపర్‌వైజర్‌కు చెప్పి వారంల రెండు రోజులు స్టోర్‌కు మార్పించుకున్నడు. అక్కతోని మాటలు మళ్ల కలిసినయి. నాతోని గూడ బాగనే ఉంటడు, పండుగకు పిలుస్తడు, పక్కన కూసోబెట్టుకొని తినిపిస్తడు. కానీ గిటార్ తలకు ఒక చిన్న మిషిన్ తగిలించుకున్నడు, తీగ సరిగ్గ కలిస్తే పచ్చ లైటు వెలుగుతది. ఒకప్పుడు అసొంటివి చూసి నవ్వేటోడు. ఇప్పుడు పాట పాటకు దాని దిక్కు చూస్తడు.

మొన్న ఒక రిసెప్షన్‌కు పోతుంటే ట్రాలీల ఎనుక ఇద్దరమే కూసున్నం. ధైర్యం చేసి అడిగిన. "ఇంకా కోపం ఉందా బావా?"

"కోపం లేదురా" అన్నడు. "ఉంటే మంచిగుండు, తిట్టి దించుకుందును. స్ట్రింగు సక్కగనే పలుకుతుంది, నాకు తెలుస్తుంది. అయినా, నిజంగ సక్కగుందా, నాకే అట్ల అనిపిస్తుందా అని ఒక అనుమానం. అది పోతలేదు."

లారీల సప్పుడు ఎక్కువుండె. ఆయనకు వినపడాలని గట్టిగ ఏదో చెప్పబోయిన. అంతల ట్రాలీ గుంతల పడి కుదిపింది, ఆయన గిటార్ బ్యాగు పడకుంట రెండు చేతుల పట్టుకున్న.